గుంట దిగని కాలు

దుప్పటి అంచు తగిలినా ధనుంజయ్ పళ్ళు బిగిస్తున్నాడు.

మల్లీశ్వరి కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది. కొడుకు ఆమెను చూడలేదు. మంచం మీద కూర్చుని, కుడికాలి మీది దుప్పటిని రెండు వేళ్ళతో కొద్దికొద్దిగా ఎత్తుతున్నాడు, పుండుకు అంటుకున్న గుడ్డను ఊడదీసినట్టు. దుప్పటి తొలగింది. బొటనవేలి మొదట్లో కణుపు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది.

ఆ వాపు ఆమెకు కొత్త కాదు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళుగా భర్త అంకమ్మరావు కాలి మీద చూస్తూనే ఉంది. ఎన్నో రోజుకు ఎరుపు తగ్గుతుందో, ఎన్నో రోజుకు పైతోలు పొట్టులా లేస్తుందో వేళ్ళ మీద చెప్పగలదు. భర్త తమ్ముడి కాలి మీద కూడా చూసింది. ఆయన పోయి ఆరేళ్ళయింది.

కొడుకు కాలి మీద చూడటం ఇదే మొదలు.

ధనుంజయ్ తలెత్తాడు. ఆమెను చూసి దుప్పటి లాక్కోబోయి, నొప్పికి ఆగిపోయాడు.

"మెట్టు తగిలిందమ్మా."

"ఏ మెట్టు?"

"షోరూములో. నిన్న."

మల్లీశ్వరి కాఫీ గ్లాసు స్టూలు మీద పెట్టింది. మంచం పట్టె మీద కూర్చోబోయి, కదిలితే వాడికి నొప్పెడుతుందని నేల మీద కూర్చుంది. చెయ్యి చాపింది కానీ ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే వేడి తెలుస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

వాడు తలగడ కింద నుంచి మాత్రల అట్ట తీశాడు. గులాబీ రంగు మాత్రలు. ఆ రంగు ఆమె గుర్తుపట్టింది. బజారులో మందుల కొట్టువాడు చీటీ అడగకుండా ఇచ్చే ఆ నొప్పి మాత్రలే అంకమ్మరావు పదిహేనేళ్ళు మింగాడు. అట్టలో పదికి ఏడు గుంటలు ఖాళీగా ఉన్నాయి.

"అమ్మా, విను. పదకొండింటికి డాక్టరమ్మ దగ్గర సంతకాలున్నాయి. గ్రూపు కలిసింది. మిగతావన్నీ కలిశాయి. నెలలోపల ఆపరేషన్ చేసి నా కిడ్నీ నాన్నకు పెట్టేస్తారు. ఒక్క నెల నేను మామూలుగా నడిస్తే చాలు."

"ఈ కాలుతోనా?"

"మాత్ర వేసుకుంటే గంటలో సర్దుకుంటుంది. ఇప్పటికి మూడుసార్లు సర్దుకుంది."

మూడుసార్లు. మల్లీశ్వరి ఆ మాటను పట్టుకుని కూర్చుండిపోయింది. తన ఇంట్లో, తను వండిపెట్టిన అన్నం తింటూ, మూడుసార్లు.

డాక్టరమ్మకు చెప్పి తీరాలంది. వాడు వద్దన్నాడు. చెబితే తనను పక్కన పెట్టేస్తారన్నాడు. అమ్మ గ్రూపు కలవదు, నాయనమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, బయటి కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో నాన్న పేరు ఎక్కడో అడుగున ఉంది. చేతిలోని డయాలసిస్ నరం మూసుకుపోయి రెండు నెలలైంది. మెడకు పెట్టిన గొట్టానికి రెండుసార్లు చీము పట్టింది. మూడోసారి పడితే ఏమవుతుందో డాక్టరమ్మే చెప్పింది కదా అన్నాడు.

"అయితే నీకేమైనా ఫరవాలేదా?"

"నాకేమవుతుందమ్మా, కాలి వేలు నొప్పికి." వాడు మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. తరువాత ఆమె మొహం చూడకుండా అన్నాడు. "నువ్వు నోరు తెరిస్తే నాన్నని నువ్వే చంపినట్టు."

అన్నాక వాడికే భయమేసింది. చెయ్యి చాపి తల్లి భుజం మీద పెట్టాడు. ఆమె ఆ చేతిని తోసెయ్యలేదు. పట్టుకోనూ లేదు.

*

హనుమాయమ్మ ముందుగదిలో కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తోంది. ఆమె కూర్చున్నచోట నేల చుట్టుపక్కల నేలకంటే తెల్లగా ఉంటుంది. ఆరేళ్ళ కిందటిదాకా అక్కడ గుంట మగ్గం ఉండేది.

మంగళగిరిలో వాళ్ళ వీధికి ఆ మగ్గాలే బతుకు. నేలలో నడుములోతు గుంట, అందులోకి కాళ్ళు దింపి కూర్చుంటే అడుగున తొక్కుడు చెక్కలు. అంకమ్మరావు పన్నెండో ఏట ఆ గుంటలో దిగాడు. తమ్ముడూ అంతే. వాళ్ళ నాన్నా అంతే. ముగ్గురికీ పాతికేళ్ళు నిండేసరికి కాలి బొటనవేలు పట్టుకుంది. గుంటలో చెమ్మ కాళ్ళకు ఎక్కిందని హనుమాయమ్మ తేల్చింది. నొప్పి వస్తే మాత్ర, మాత్ర వేసుకుంటే మళ్ళీ గుంట. పండగ సీజన్లో పడుగు ఆపితే షావుకారు ఊరుకోడు.

చిన్నకొడుకు నలభయ్యో ఏట ఒళ్ళంతా నీరు పట్టి పోయాక, పదకొండో రోజు కర్మ అయిన మర్నాడే ఆమె ట్రాక్టరు మట్టి తోలించింది. గుంట పూడ్పించి మీద సిమెంటు వేయించింది. మనవడు చిన్నప్పుడు బంతి అందులో పడినా దిగనిచ్చేది కాదు. ఆ పిల్లాడి కాలు గుంట అడుగు తాకకుండా పెరిగింది.

అదే వీధిలో నలభై గుంటలున్నాయి. ఆ కాళ్ళెందుకు వాయలేదని ఎవరూ అడగలేదు.

ధనుంజయ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. మడమ మీద బరువు వేసి, వేళ్ళు నేలకు తగలకుండా, రెండడుగులు బాగానే వేశాడు. మూడో అడుగులో గోడ పట్టుకున్నాడు.

హనుమాయమ్మ చేతిలో ఆకు ఆగిపోయింది.

"ఏందిరా ఆ నడక?"

"ఏం లేదు నానమ్మా. చెప్పు కరిచింది."

"చెప్పు కరిస్తే మడమ ఎత్తుతారు. వేళ్ళు ఎత్తరు."

ముసలమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. వాడి ముందుకు వచ్చి నిలబడి కాలివంక చూసింది. వాడు వద్దంటున్నా, వాపు కనపడకుండా వేసుకున్న మేజోడు లాగేసింది. పక్కింట్లో మగ్గం టకటకలాడుతూనే ఉంది.

చూడటం అయ్యాక కోడలి మీద పడింది. బయట గడ్డీ గాదం తినడానికి వదిలేసిందట. షోరూము కుర్రాళ్ళతో కలిసి వారానికి రెండుసార్లు బిర్యానీలంటే కాళ్ళు వాయక ఏం చేస్తాయట. కందిపప్పు మానెయ్యమని తను ఎన్నిసార్లు చెప్పలేదు? వినే చెవులుంటేగా ఇంట్లో?

మల్లీశ్వరి మామూలుగా ఎదురు చెప్పదు. హనుమాయమ్మ ఆమెకు అత్తగారే కాదు, కన్నతల్లికి తల్లి. చల్లపల్లిలో అమ్మకు ఒంట్లో బాగుండటం లేదని తొమ్మిదో ఏట తెచ్చి పెంచుకుని, పద్దెనిమిదో ఏట తన కొడుక్కే చేసుకుంది. మేనమామకే భార్య అయినా మల్లీశ్వరి పిలుపులు మారలేదు. ఆయన ఇప్పటికీ మామయ్యే, ఈమె అమ్మమ్మే.

"అమ్మమ్మా," అంది మల్లీశ్వరి. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాడు గుంట దిగలేదు కదా."

హనుమాయమ్మ చేతిలోని మేజోడును మడత పెట్టింది.

"ఒక్కరోజు కూడా దిగలేదు. మరి ఈ చెమ్మ ఎక్కడిది?"

ముసలమ్మ మనవడి కాలివంక చూడలేదు. కోడలి మొహంలోకీ చూడలేదు. కిటికీ వంక చూస్తూ, తనూ ఆసుపత్రికి వస్తానంది. ఎందుకని ధనుంజయ్ అడిగితే కొడుకును చూసుకోవాలని ఉందంది. ఆమె ఊరు దాటి ఏడాది పైనే అయింది.

*

యేసుకుమార్ ఆటో ఎదురింటిదే. ధనుంజయ్ ఎక్కేటప్పుడు కాలు ఎలా పెట్టాడో అతను చూశాడు. జాతీయ రహదారి ఎక్కేదాకా ప్రతి గతుకు దగ్గరా బండిని నడిపించినంత నెమ్మదిగా పోనిచ్చాడు. వెనక హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు. మల్లీశ్వరికి ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

వారధి మీద గాలి విసురుగా ఉంది. బ్యారేజీ గేట్లు ఎత్తి నాలుగు రోజులైంది. కింద కృష్ణ ఇసుకతిన్నెలన్నీ మింగేసి, ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకు చప్పుడు లేకుండా పోతోంది. ఒక చెట్టు వేళ్ళతో సహా కొట్టుకుపోతోంది. కొమ్మ మీద కొంగ కూర్చుని ఉంది.

మల్లీశ్వరి రెండు బరువులు తూచుకుంటూ కూర్చుంది. చెబితే మామయ్య. చెప్పకపోతే కొడుకు. ఎటు తూచినా ఒక మనిషి కిందికి దిగుతున్నాడు. కొడుకు ఒక కిడ్నీ ఇచ్చేశాక, మిగిలిన ఒక్కటీ ఈ గులాబీ మాత్రలతో ఏమవుతుంది? పదేళ్ళకో పదిహేనేళ్ళకో మెడకు గొట్టంతో వాడూ ఆ కుర్చీలో కూర్చుంటే, అప్పుడు ఇచ్చేందుకు ఇంట్లో ఎవరుంటారు?

మాత్ర పనిచేసినట్టుంది. ధనుంజయ్ నాయనమ్మకు అటూ ఇటూ కొత్త భవనాలు చూపిస్తున్నాడు. ఆమె ఊ కొడుతోంది. ఆమె చేతివేళ్ళు మాత్రం కొంగు చివర పోగులు ఒక్కొక్కటే లాగుతున్నాయి. నేతగాళ్ళ ఇంట్లో ఎవరూ చేయని పని అది.

*

డాక్టర్ సబీహాకు నలభై దాటి ఉంటాయి. మాట్లాడేటప్పుడు కంప్యూటరు వంక కాకుండా మనిషి వంక చూస్తుంది. లోపలికి రాగానే పెద్దావిడకు తన కుర్చీ పక్కనున్న మెత్తటి కుర్చీ చూపించింది. ఫైలు తిరగేసింది.

"ధనుంజయ్ గారూ, మీ పరీక్షలన్నీ గీత లోపలే ఉన్నాయి. కానీ రెండు మాత్రం గీతను ఆనుకుని ఉన్నాయి. యూరిక్ యాసిడ్ గురించి పోయినసారి అడిగాను. ముందురోజు స్నేహితులతో బయట తిన్నానన్నారు."

"అవునండీ."

"ఇంట్లో ఇంకెవరికీ చిన్న వయసులో కీళ్ళవాపు లేదన్నారు. నాన్నగారికీ బాబాయిగారికీ వచ్చింది మగ్గం గుంట వల్ల, కిడ్నీలు పోయింది నొప్పి మాత్రల వల్ల అని రాసుకున్నాను. మీకు ఎప్పుడూ రాలేదు కదా?"

"రాలేదండీ."

డాక్టరు పెన్ను మూత తీసింది. సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీద ఉంది. మల్లీశ్వరికి ఆ పెన్ను ములికి తప్ప ఏమీ కనిపించలేదు.

"వచ్చిందండీ," అంది.

ధనుంజయ్ తలతిప్పి చూశాడు. ఆ చూపును ఆమె మొహం మీద ఎండలా భరించింది.

"మూడుసార్లు వచ్చి తగ్గింది. ఇప్పుడూ ఉంది. మేజోడు తీస్తే కనపడుతుంది. పొద్దున వాళ్ళ నాన్న మింగిన ఆ మాత్రే వేసుకున్నాడు."

డాక్టరు పెన్నుకు మూత పెట్టింది. ధనుంజయ్‌ను కోప్పడలేదు. లేచి వచ్చి తనే వంగి మేజోడు దించి చూసింది. వేలు తగలకుండా మేజోడు మళ్ళీ పైకి లాగింది. అట్ట ఇమ్మని చెయ్యి చాపితే వాడు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని తన సొరుగులో పడేసింది. ఇకమీదట ఈ మాత్ర జోలికి పోతే నొప్పి తగ్గుతుందేమో గానీ కిడ్నీ మిగలదంది.

తరువాత తెల్లకాగితం తీసుకుంది. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్న. పైన హనుమాయమ్మ, ఆమె భర్త. కింద అంకమ్మరావు, తమ్ముడు. ఆ కింద ధనుంజయ్, చెల్లెలు జ్యోతిర్మయి. కాలు వాచినవాళ్ళకు పెన్నుతో నలుపు నింపింది. తాత, పెద్దకొడుకు, చిన్నకొడుకు, మనవడు. నాలుగు నల్లటి గళ్ళు.

"మామూలు గౌట్ వేరమ్మా. అందులో తిండీ, మందూ, బరువూ, చాలా జన్యువులూ తలా ఒక చెయ్యి వేస్తాయి. సాధారణంగా నలభై దాటాక వస్తుంది. ఇరవైల్లో వచ్చి, తరం తరానికీ కిడ్నీలు పోతున్నాయంటే, నాకు వేరే అనుమానం. కిడ్నీలోనే పుట్టుకతో ఒక జన్యువు తప్పుగా ఉండొచ్చు. యూరిక్ యాసిడ్ బయటికి పోదు. అదొచ్చి వేలిలో కూర్చుంటుంది. వేలు నొప్పి జబ్బు కాదు, జబ్బు పంపిన కబురు."

"గుంట వల్ల కాదా అండీ?" అంది మల్లీశ్వరి.

"గుంటకు ఏ పాపమూ తెలీదమ్మా."

మల్లీశ్వరికి అర్థమైంది. అడ్డంగా వేసే పేకలో పోగు తప్పితే ఆ ఒక్క గీతలో కనపడి ఆగిపోతుంది. నిలువుగా సాగే పడుగులో తప్పితే ఆ పడుగు మీద నేసిన ప్రతి చీరలోనూ ఆ మొదటి నుంచి ఈ చివరిదాకా ఉంటుంది.

అలా అయితే పుట్టే ప్రతి బిడ్డకూ సగం అవకాశం అని డాక్టరు చెప్పింది. ఆడా మగా తేడా లేదు. సగం మందికి రావచ్చు, సగం మందికి అసలు రాకపోవచ్చు. అందుకే ఇంకెవరైనా ఉన్నారేమో తెలియాలి. ఆమె హనుమాయమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మగారూ, మీకు ఇద్దరేనా పిల్లలు?"

హనుమాయమ్మ కొంగు పోగులు లాగడం ఆపింది.

"ముందొక ఆడపిల్ల," అంది. "దీని తల్లి."

డాక్టరు పెన్ను గాల్లోనే ఆగింది. ఆమె మల్లీశ్వరిని చూసింది, కాగితాన్ని చూసింది. అంకమ్మరావు పక్కన భార్యగా గీసిన సున్నను చూసింది.

"మేనరికమా?"

"అవునండీ."

"ఆవిడకు కాలు..."

"లేదండీ," అంది మల్లీశ్వరి. "అమ్మ చల్లపల్లిలో బట్టల కొట్టువాళ్ళ కోడలు. గుంటలో ఎప్పుడూ దిగలేదు. నెమ్ముతో పోయింది. నాకప్పుడు పదిహేడేళ్ళు."

"నెమ్ము కాదు," అంది హనుమాయమ్మ.

ఆమె చూపు బల్ల మీది కాగితం మీద ఉంది.

"దానికి ఇరవై రెండో ఏట కాలు పట్టింది. చూడ్డానికి పోతే మంచం కోడుకు ఆనించి పెట్టుకుని కూర్చుంది. అచ్చం వాళ్ళ నాన్న కాలే. చివరికి ఒళ్ళు నీరు పట్టింది, తమ్ముడికి పట్టినట్టే." ముసలమ్మ గొంతు తొణకలేదు. చాలాసార్లు లోపల అనుకున్న మాటలు అలాగే వస్తాయి. "దిగని కాలికి ఎట్లా వచ్చిందో నాకు అప్పుడే తెలిసింది. గుంట మాట ఊరి కోసం చెప్పా."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది మల్లీశ్వరి.

"చెబితే నిన్ను ఎవరు చేసుకునేవాళ్ళే? ఇంటి జబ్బని తెలిసినాక ఏ గడప తొక్కనిస్తుంది? బయటికిస్తే రేపు నీకు కాలు వాచిన రోజున వెళ్ళగొడతారు. అందుకని ఇంట్లోనే ఉంచుకున్నా. నా కొడుకైతే నిన్ను వెళ్ళగొట్టడు."

అందులో ప్రేమ ఉంది. అబద్ధం చెప్పడం లేదు. అదే మల్లీశ్వరికి ఊపిరాడకుండా చేసింది.

డాక్టరు పెన్ను కదిలింది. మల్లీశ్వరి తల్లికి ఒక సున్న గీసి పూర్తిగా నలుపు చేసింది. అక్కడి నుంచి మల్లీశ్వరి సున్నకు గీత దింపి, సగం నలుపు చేసింది. కాసేపాగి జ్యోతిర్మయి సున్న దగ్గరకు వచ్చింది. అక్కడ ఏమీ నింపలేదు. పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది.

"మీకెప్పుడైనా కాలు వాచిందా అమ్మా?"

"లేదండీ."

"మంచిది. అయినా పరీక్ష చేద్దాం. మీకు, ధనుంజయ్‌కి, అమ్మాయికి. రక్తం పంపితే ఆరు వారాలు పడుతుంది. అది వచ్చేదాకా ఈ ఇంట్లో ఎవరి కిడ్నీ నేను తీసుకోను. ఫలితం ఏదైనా ధనుంజయ్ ఇవ్వడం మాత్రం ఇక లేదు."

ఆరు వారాలు ఆగగలడా అని ధనుంజయ్ అడిగాడు. నాన్న పేరు కూడా ఎత్తలేదు. ఆగగలిగేలా చూడటం తన పని అంది డాక్టరు. అంతకుమించి మాట ఇవ్వలేదు. లేచేటప్పుడు మాత్రం వాడి భుజం తట్టింది. ఇరవై మూడేళ్ళకే తెలిసింది కాబట్టి ఎన్నో ఏళ్ళు కాపాడుకోవచ్చనీ, వాళ్ళ నాన్నకు ఆ అదృష్టం దక్కలేదనీ చెప్పింది.

ధనుంజయ్ తల్లి వంక చూడకుండా బయటికి నడిచాడు. ఇప్పుడు దాచాల్సిన పని లేదు గనక పూర్తిగా కుంటుతూ నడిచాడు.

*

డయాలసిస్ గదిలో ఎనిమిది కుర్చీలు. కిటికీ పక్కది అంకమ్మరావుది. మెడ దగ్గరి గొట్టంలోంచి ఎర్రటి దారం ఒకటి మిషన్లోకి పోయి, మళ్ళీ వెనక్కి వస్తోంది. నర్సు హన్నా కొత్త ప్లాస్టరు అంటించబోతూ దాన్ని కాసేపు తన అరచేతుల మధ్య ఉంచుకుంది. చల్లటిది పెడితే ఆయన ఉలిక్కిపడతాడని.

మల్లీశ్వరి స్టూలు లాక్కుని కూర్చుంది. అమ్మమ్మ బయట బెంచీ మీదే ఆగిపోయింది. కొడుకును చూడాలని వచ్చిన మనిషి గుమ్మం దాకా కూడా రాలేదు.

"సంతకాలయ్యాయా?" అన్నాడు అంకమ్మరావు.

హన్నా వెళ్ళేదాకా మల్లీశ్వరి ఆగింది. తరువాత చెప్పింది. దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ అక్కరకు రాలేదు. వాడి కాలు సంగతి, గులాబీ మాత్రలు, డాక్టరు కాగితం మీద గళ్ళు, అన్నీ తిరగబడి వచ్చాయి. తనే చెప్పానని కూడా చెప్పింది. మామయ్యా, నన్ను ఏమన్నా అను, వాడు అబద్ధం మీద కోత పెట్టించుకుంటుంటే చూస్తూ కూర్చోలేకపోయాను అంది.

అంకమ్మరావు కళ్ళు మూసుకున్నాడు. ఏడుస్తాడనుకుంది. కోప్పడతాడనుకుంది. ఆయన జీవితంలో ఆమెను కోప్పడింది రెండుసార్లే.

"వాడి కాలు సంగతి నాకు తెలుసు, మల్లీ."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"నరసింహస్వామి తిరునాళ్ళనాడు రథం తాడు పట్టకుండా వచ్చేశాడు. గుళ్ళోకి చెప్పుల్లేకుండా పోవాలి కదా, మెట్లు మడమల మీద ఎక్కాడు. నేను వెనకాల ఉన్నా. అట్లా నేను పదేళ్ళు నడిచా. నాకు తెలీదా?"

"తిరునాళ్ళ అంటే... అయిదు నెలలైంది."

"ఆఁ."

"వాడు ఇస్తానన్నది ఆ తరవాతే కదా మామయ్యా. నువ్వు ఊరుకున్నావు."

మిషన్ ఒకసారి కూత పెట్టి ఆగిపోయింది. ఆయన గొంతు చాలా తగ్గిపోయింది. ఆమె వంగి వినాల్సి వచ్చింది.

"రోజూ పొద్దున చెబుదామనుకునేవాణ్ణి. సాయంత్రానికి మానేసేవాణ్ణి. బతకాలనిపించింది, మల్లీ."

ఇరవై నాలుగేళ్ళు ఆ మనిషి ఆమెకు ముందు వడ్డించి తరువాత తిన్నాడు. పెళ్ళినాటి రాత్రి అక్క గుర్తొచ్చి ఏడ్చాడు. కాలు మండుతున్నా పిల్లల్ని భుజానికెత్తుకుని తిరునాళ్ళు తిప్పాడు. ఇప్పుడు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న ఈ మొహం అదే మొహం. ఆమె దాన్ని అసహ్యించుకోవడానికి ప్రయత్నించింది. చేతకాలేదు. ఆయన చెయ్యి కుర్చీ అంచు నుంచి జారుతుంటే పట్టుకుని సరిగా పెట్టింది.

చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు.

"సగం అన్నారా?"

"ఏంటి?"

"పుట్టినవాళ్ళలో సగం మందికి వస్తుందన్నారా?"

"అన్నారు."

"అంటే సగం మందికి రాదు కదా."

మల్లీశ్వరి ఆయన్ని చూసింది. డాక్టరు నోటి నుంచి ఆ మాట వచ్చినప్పుడు ఆమె వెన్నులో చలి పుట్టింది. అదే మాట ఈయన కళ్ళల్లో దీపంలా వెలుగుతోంది.

"ఆరు వారాలు ఆగుతా," అన్నాడు అంకమ్మరావు. "ఎట్లాగో ఆగుతా. జ్యోతి కాలేజీ నుంచి బయల్దేరిందా?"

ఎందుకని ఆమె అడగాల్సిన పని లేదు. జ్యోతి గ్రూపు కూడా తండ్రిదే. నెల రోజుల కిందట, అన్నయ్యకు షోరూములో సెలవు దొరకదేమోనన్నప్పుడు, నేనున్నాగా అని నవ్వుతూ అన్నది ఆ పిల్లే.

కారిడార్లో ఎవరో గబగబా వస్తున్నారు. పలకరింపు వినిపించింది, నానమ్మా నువ్వెప్పుడొచ్చావు అని. తలుపు తోసుకుని జ్యోతిర్మయి లోపలికి వచ్చింది, భుజాన బ్యాగు, చెమటకు అంటుకున్న జుట్టు, గుమ్మంలో విడిచిన చెప్పులు.

ఇరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి మల్లీశ్వరి కూతురి మొహం వంక చూడలేదు. పాలరాతి నేల మీద ఒకదాని వెనక ఒకటి పడుతున్న ఆ పాదాల వంక చూసింది.

కుర్చీలోంచి మెడ ఎత్తగలిగినంత ఎత్తి, అంకమ్మరావు కూడా అటే చూస్తున్నాడు.